క్రిప్టో నాణెం సరుకా, సట్టాయా?

జనగామ యార్డులో పత్తి, ధాన్యం. మహబూబాబాద్, కేసముద్రం యార్డులలో మిర్చి, మొక్కజొన్న, పసుపు. భూపాలపల్లి వైపు నుండి పత్తి, ధాన్యం, మిర్చి. ఈ మూడు జిల్లాల ధారణలు రాసే పేజీలో నేడు కంటికి కనిపించని ఒక సరుకును గురించి ముచ్చటించవలసి వచ్చినది. అదే బిట్‌కాయిన్, దాని వెంట పుట్టుకొచ్చిన వేలాది క్రిప్టో నాణేలు.

ఈ సరుకు ఏ యార్డుకూ రాదు. దడ్వాయి తూచడు, హమాలీ మోయడు. అయినా పత్తి డబ్బు, మిర్చి డబ్బు చేతికి వచ్చే నెలల్లోనే దీని ప్రస్తావన ఇంటింటా వినిపిస్తున్నది. తండ్రి చేతిలో తక్‌పట్టీ, కొడుకు చేతిలో సెల్‌ఫోను. "బాపూ, లక్ష రూపాయలు దీంట్ల పెడితే ఏడాదికి రెండు లక్షలైతయి" అని కొడుకు అంటాడు. "అది జూదం బిడ్డా" అని తండ్రి అంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఏది ఎంతో విడదీసి చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

ధరకు అడుగు ఎక్కడున్నది?

ఏ సరుకు ధరనైనా చూసేటప్పుడు అనుభవజ్ఞుడైన వర్తకుడు మొదట అడిగే ప్రశ్న, "ఇది ఎంతవరకు పెరుగుతుంది?" అన్నది కాదు, "ఎంతకు పడిపోయినా ఎవరు కొంటారు?" అన్నది. దీనినే ధర అడుగు అనవచ్చు.

పత్తిని తీసుకుందాం. 2022లో క్వింటాలు ధర 10,000 రూపాయలు దాటినది. ఆ ధర నిలువలేదు. ఎంత పడినా నూలు మిల్లుకు దూది కావాలి, గానుగకు గింజ కావాలి. ఆపైన కేంద్రం 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించినది. తేమ పేరిట, నాణ్యత పేరిట రైతుకు దక్కేది తగ్గవచ్చు గాని, పత్తి ధరకు కింద ఒక నేల ఉన్నది.

మిర్చికి మద్దతు ధర లేదు. అందుకే 2017లో ధర కుప్పకూలినప్పుడు ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకున్నది. ఆ తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం కింద క్వింటాలు 5,000 రూపాయలకు తెలంగాణలో 33,700 టన్నుల కొనుగోలుకు అనుమతించినది. 2025లో ధర మళ్ళీ దిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ మిర్చికి అదే పథకం కింద 11,781 రూపాయలు ఖరారైనది. రైతుకు ఇది చాలిందా అన్నది వేరే మాట. కారం పట్టే మిల్లు, శీతల గిడ్డంగి, ఎగుమతిదారు, చివరకు ప్రతి ఇంటి వంటగది మిర్చి ధరకు అడుగుగా నిలుస్తాయన్నది మాత్రం వాస్తవం.

బిట్‌కాయిన్‌కు అటువంటి అడుగు లేదు. దానిని వడికే మిల్లు లేదు, వండే ఇల్లు లేదు. దానిపై వడ్డీ రాదు, కౌలు రాదు, డివిడెండు రాదు. రేపు నాకంటే ఎక్కువ ధరకు మరొకరు కొంటారన్న నమ్మకమే నేటి కొనుగోలుదారు పెట్టుబడికి ఆధారం. ఈ నమ్మకం బిగువుగా ఉన్నన్నాళ్ళు తేజీ, సడలితే మందీ.

ధర పెరిగినా పెరగని పంట

ఇక్కడ రైతుకు సులభంగా అర్థమయ్యే సంగతి ఒకటి కలదు. ఒక ఏడు మిర్చికి మంచి ధర వస్తే మరుసటి ఏడు విస్తీర్ణం పెరుగుతుంది. సరుకు వెల్లువెత్తి ధర దిగుతుంది. ధర దిగితే రైతు మక్కకో పత్తికో మళ్ళుతాడు. సరుకు తగ్గి ధర కోలుకుంటుంది. ఈ ఊగిసలాటలో రైతు నలిగిపోతున్నాడు గాని, ధరకు కళ్ళెం వేసేది కూడా అదే.

బిట్‌కాయిన్ విషయం అట్లా కాదు. సటోషీ నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన ఒక పత్రం దీనికి మూలం. 2009 జనవరి 3న మొదటి నాణేలు పుట్టినవి. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి నాణేలు రాకుండా అందులోనే కట్టడి చేశారు. దాదాపు పది నిమిషాలకొకసారి కొత్త నాణేలు విడుదలవుతాయి. మొదట విడతకు 50 వచ్చేవి. దాదాపు నాలుగేళ్ళకొకసారి ఆ సంఖ్య సగమవుతూ 2024 ఏప్రిల్ నుండి 3.125కు చేరినది. ధర పది రెట్లు పెరిగినా ఒక్క నాణెం అదనంగా పండదు. ధర పదోవంతుకు పడినా పంట తగ్గదు.

సరుకు రాక కదలనప్పుడు గిరాకీలోని ప్రతి కదలికా ధరపైనే పడుతుంది. బిట్‌కాయిన్ ధర విపరీతంగా ఎగిసి, విపరీతంగా పడడానికి ఇది ఒక ముఖ్య కారణం. "సరుకు పరిమితం గనుక ధర పెరిగి తీరుతుంది" అనే ప్రచారంలో సగమే నిజమున్నది. పరిమితమైన సరుకుకు గిరాకీ పోతే పడే వేగం కూడా అంతే.

పైగా బిట్‌కాయిన్ ఒక్కటే పరిమితం. క్రిప్టో నాణేలన్నీ కలిపి చూస్తే పరిమితి లేదు. కొత్త పేరుతో కొత్త నాణెం సృష్టించడానికి కొద్దిపాటి కంప్యూటరు పరిజ్ఞానం చాలును. "బిట్‌కాయిన్ పెరిగింది గనుక ఇదీ పెరుగుతుంది" అని చెప్పి అమ్మే నాణెం, చపాటా మిర్చి పేరు చెప్పి తాలు కాయ అంటగట్టడం వంటిది. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పెరట్లో ఎండిన ప్రతి కాయకూ రాలేదు.

ధరవరల చరిత్ర

2010 మే 22న అమెరికాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. 2017 డిసెంబరులో ఒక్కో నాణెం 20,000 డాలర్ల దరిదాపుకు పోయి, ఏడాది తిరిగేసరికి 3,200 డాలర్ల ప్రాంతానికి దిగినది. 2021 నవంబరులో 69,000 డాలర్ల దాకా ఎగిసి, 2022 నవంబరులో 16,000కు దిగువన పలికినది. 2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ బిట్‌కాయిన్ ఆధారిత ఫండ్లకు అనుమతి ఇచ్చినది. ఆ డిసెంబరులో లక్ష డాలర్లు దాటినది. 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లను తాకి, నవంబరులో 90,000కు దిగువకు వచ్చినది.

ఈ అంకెలను ఇరుపక్షాలవారూ తమకు అనుకూలంగా చదువుకుంటున్నారు. బుడగ అనేవారికి ఒక ప్రశ్న: పేలిన బుడగ మళ్ళీ ఉబ్బదు గదా, ఇది పడిన ప్రతిసారీ ఎందుకు లేచినది? న్యాయంగా ఈ ప్రశ్నకు విలువ ఇవ్వాలి. 1637లో హాలెండులో తులిప్ దుంపల ధరలు కూలిన తర్వాత తిరిగి ఆ స్థాయికి రాలేదు. బిట్‌కాయిన్ వచ్చినది. కనుక దానిని ఒట్టి బుడగ అని కొట్టిపారేయడం తొందరపాటు.

లాభం అనేవారికి మరొక ప్రశ్న: ఎంతకాలం ఆగగలరు? 2021 నవంబరులో లక్ష రూపాయలు పెట్టినవారి డబ్బు, డాలరు లెక్కన ఏడాదిలో 23,000కు తగ్గినది. పాత ధర మళ్ళీ కనిపించినది 2024 మార్చిలో. అంటే 28 నెలలు. 2017 డిసెంబరులో కొన్నవారు మూడేళ్ళు ఆగవలసి వచ్చినది. జీతంపై బతికేవాడు, మిగులు డబ్బు పెట్టినవాడు ఆగితే ఆగవచ్చు. కాని వానాకాలం విత్తనం 28 నెలలు ఆగదు. అడ్తిదారు బాకీ ఆగదు, బ్యాంకు పంట రుణం ఆగదు. అడుగున అమ్మక తప్పనివాడికి, ఆ తర్వాత ధర ఎంతకు లేచినా ఒరిగేదేమీ లేదు. ఒకే సరుకు ఒకరికి పెట్టుబడి, మరొకరికి జూదం కావడానికి కారణం ఇదే.

హాలీ సిక్కా చెప్పే పాఠం

నాణేనికి విలువ ఎక్కడిది అన్న ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. నిజాం రాజ్యంలో జనగామ, మానుకోట బజార్లలో చెల్లినది హాలీ సిక్కా. సరిహద్దు దాటితే కల్దారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానంగా లెక్క కట్టేవారు. 1948లో నిజాం పాలన ముగిసినా హాలీ సిక్కా ఒక్కనాటితో చిత్తు కాగితం కాలేదు. భారత ప్రభుత్వం నిర్ణీత ధరకు మార్పిడి చేసినది. 1959లో గాని దాని చెల్లుబాటు పూర్తిగా ముగియలేదు. నాణెం పోయినా దాని బాకీ తీర్చే బాధ్యుడు ఉన్నాడు.

బిట్‌కాయిన్‌కు అటువంటి బాధ్యుడు లేడు. దానిని కోరేవారు దీనినే గొప్పగా చెబుతారు: ఏ ప్రభుత్వమూ ఇష్టం వచ్చినట్లు ముద్రించలేదు, రద్దు చేయలేదు అని. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు తర్వాత యార్డులు బోసిపోవడం చూసినవారికి ఈ మాట రుచించకపోదు. కాని రద్దు చేసేవాడు లేడంటే ఆదుకునేవాడు కూడా లేడని అర్థం. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది; క్రిప్టో నాణేనికి లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్‌చేంజి నుండి దొంగలు దాదాపు 23 కోట్ల డాలర్ల విలువగల నాణేలు కాజేశారు. ఖాతాదారుల సొమ్ము ఏడాదికి పైగా నిలిచిపోయినది.

దేశమే పూనుకున్నా ఇది చెల్లుబాటు నాణెం కావడం తేలిక కాలేదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ ద్రవ్యం చేసినది. జనం వాడకం అంతంత మాత్రమే అయినది. 2025 జనవరిలో చట్టం మార్చి, పుచ్చుకోవడం వర్తకుల ఇష్టానికి వదిలేశారు.

సాంకేతికం మాట ఏమిటి?

బిట్‌కాయిన్ వెనుక ఉన్న లెక్కల పద్ధతిని బ్లాక్‌చెయిన్ అంటారు. దీనిని యార్డు భాషలో చెప్పుకుందాం. అడ్తి దుకాణంలో ఒక ఖాతా పుస్తకం ఉన్నదనుకోండి. ప్రతి పుట మొదట్లో వెనుకటి పుట సారాంశం గుర్తుగా వేస్తారు. ఆ పుస్తకం నకళ్ళు ఒక్క సేటు దగ్గరే గాక వేలమంది దగ్గర ఉంటాయి. నిరుటి పుటలో ఒక్క అంకె దిద్దినా తర్వాతి పుటలన్నీ తప్పిపోతాయి. మిగతా నకళ్ళతో సరిపోలదు. దొంగ లెక్క వెంటనే బయటపడుతుంది. పుస్తకం ఎవరి సొంతమూ కాదు, ఎవరూ దిద్దలేరు. ఇది నిజంగా తెలివైన ఏర్పాటే.

తెలంగాణలో చిట్‌ఫండ్ల లెక్కల నమోదుకు ఈ పద్ధతి వాడుతూ "టీ-చిట్స్" అనే ఏర్పాటు వచ్చినది. చిట్టీ పాటలో ఎవరు ఎంతకు పాడారు, ఎవరికి ఎంత చెల్లినది అన్నది దిద్దరాని విధంగా ఉంటే చిట్టీ సభ్యులకు మేలే గదా. ఈ ఏర్పాటుకు బిట్‌కాయిన్ కొననక్కరలేదన్నది గుర్తించాలి.

అయితే ఈ పుస్తకానికి ఒక పరిమితి ఉన్నది. రాసినది మారలేదని అది హామీ ఇస్తుంది. రాసినది నిజమని హామీ ఇవ్వదు. కాంటాలో రెండు కిలోలు తరుగు తీసి రాస్తే, ఆ తప్పుడు తూకం చెరిగిపోకుండా శాశ్వతంగా నిలుస్తుంది. తేమ శాతం తప్పుగా చూపిస్తే అదీ అంతే. యార్డులో రైతు బాధ ఎక్కువగా రాసిన తర్వాత దిద్దడం వల్ల కాదు, రాసేటప్పుడే తక్కువ రాయడం వల్ల. దానికి మందు మంచి కాంటా, నిక్కచ్చి తనిఖీ.

గిడ్డంగి రసీదు కూడా ఇటువంటిదే. 2007 చట్టం కింద రిజిస్టరైన గిడ్డంగిలో సరుకు పెట్టినవారికి 2017 నుండి ఎలక్ట్రానిక్ రసీదులు ఇస్తున్నారు. ఆ రసీదుపై బ్యాంకులో రుణం పుడుతుంది; ధర లేని రోజున అమ్ముకోనక్కరలేదు. మనకు కావలసిన నమ్మకం చాలావరకు చట్టం, రిజిస్టరు, బాధ్యతగల అధికారి ద్వారానే వస్తున్నది. చెల్లింపుల సంగతీ అంతే. 2016లో వచ్చిన యూపీఐతో చాయ్ డబ్బు సైతం ఖర్చు లేకుండా క్షణంలో చేరుతున్నది. క్రిప్టోకు ఇక్కడ చెప్పుకోదగ్గ పని మిగలలేదు. విదేశాల నుండి డబ్బు పంపడంలో, డాలరుకు ముడిపెట్టిన నాణేలకు కొంత ఉపయోగం కనిపిస్తున్నది.

భూపాలపల్లి లెక్క

బిట్‌కాయిన్‌ను "తవ్వుతారు" అంటారు. భూపాలపల్లివారికి తవ్వకమంటే సింగరేణి గని. ఈ తవ్వకంలో పలుగూ పారా లేవు. వేలాది కంప్యూటర్లు పోటీపడి ఒక లెక్కకు జవాబు వెతుకుతాయి. ముందుగా కనుగొన్నవాడికి కొత్త నాణేలు. దీనికయ్యే కరెంటు ఏడాదికి 10,000 కోట్ల యూనిట్లకు పైబడి ఉంటుందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అంచనా. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. ఏడాది పొడవునా క్షణం ఆగకుండా నడిచినా అది ఇచ్చేది సుమారు 960 కోట్ల యూనిట్లు. అటువంటి కేంద్రాలు పదికి పైగా కావాలన్నమాట.

ఈ ఖర్చు వృథా అని కొందరు, దొంగ లెక్కలు రాయకుండా కాపలా ఖర్చు అని కొందరు వాదిస్తున్నారు. ఆ కాపలా తక్కువ కరెంటుతోనూ సాధ్యమేనని రెండో పెద్ద నాణెం ఎథీరియం 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చి చూపినది.

జెండా పాట ధర, చేతికందే ధర

ఎనుమాముల యార్డుకు సరుకు తీసుకుపోయిన ప్రతివారికీ జెండా పాట తెలుసు. మేలైన రాశి మీద జెండా పాట ధర పలుకుతుంది. మర్నాడు పత్రికలో అదే వస్తుంది. మన బస్తాల దగ్గరికి వచ్చేసరికి ధర దిగుతుంది. క్రిప్టోలోనూ ఫోనులో కనిపించేది జెండా ధర. చేతికందేది వేరు.

2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నది. ఆ ఏడు జూలై 1 నుండి అమ్మకపు మొత్తంలో 1 శాతం ముందే మినహాయిస్తున్నారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభం నుండి తీసివేయరాదు. ఉదాహరణకు ఒక లక్షకు కొన్న మొదటి నాణెం 1,50,000కు అమ్మారు, లాభం 50,000. మరో లక్షకు కొన్న రెండో నాణెం 40,000కు అమ్మారు, నష్టం 60,000. చేతి నుండి పోయినది 2 లక్షలు, వచ్చినది 1,90,000. పదివేలు నష్టపోయారు. అయినా మొదటి లాభంపై 15,600 పన్ను కట్టాలి. మొత్తం నష్టం 25,600. ముందే మినహాయించిన 1 శాతం ఈ పన్నులో జమ అవుతుంది. వ్యవసాయాదాయానికి పన్ను లేదన్న ధీమాతో రైతులు దీనిని మరచిపోరాదు. మిర్చి అమ్మిన డబ్బుతో కొన్నా, ఈ లాభం వ్యవసాయాదాయం కాదు.

పన్ను వేశారు గనుక ప్రభుత్వం దీనికి పూచీ పడినదని కూడా అనుకోరాదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులపై విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసినది. కొనడం, అమ్మడం నేరం కాదు. అంతమాత్రాన అది చెల్లుబాటు ద్రవ్యమూ కాదు. 2022 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా వచ్చిన ఈ-రూపాయి రిజర్వు బ్యాంకుదే. దానికీ వీటికీ సంబంధం లేదు.

అసలు క్రిప్టోయే కానిది

మన పల్లెలలో డబ్బు ఎక్కువగా పోతున్నది బిట్‌కాయిన్ ధర పడడం వల్ల కాదు. క్రిప్టో పేరు తగిలించుకున్న గొలుసుకట్టు స్కీముల వల్ల. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరిట సాగిన వ్యవహారంలో పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. వారిలో ప్రభుత్వోద్యోగులూ ఉన్నారు. ఊళ్ళో గౌరవంగల మనిషి చెప్పాడన్నదే ఇటువంటి వాటికి పెట్టుబడి. ఎమూ పక్షుల పెంపకం పేరిట 2012లో కూలినదీ ఈ తరహా నమ్మకమే.

గుర్తుపట్టడం కష్టం కాదు. నెలకు ఇంత ఖాయమంటే, ఇద్దరిని చేర్పిస్తే కమీషనంటే, డబ్బు ఎవరి సొంత ఖాతాకో వేయమంటే, తిరిగి అమ్మడానికి వీలు లేకుంటే, అది నాణెమూ కాదు సాంకేతికమూ కాదు. 1978 నుండే ఇటువంటి డబ్బు చెలామణి స్కీములపై నిషేధ చట్టం ఉన్నది. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరికే ఆశ సన్నగిల్లుతుంది.

ముగింపు

బ్లాక్‌చెయిన్ పనికివచ్చే సాధనం. దాని పని దిద్దరాని లెక్క రాయడం వరకే. బిట్‌కాయిన్ ధర మాత్రం అడుగు లేని సట్టా ధర. మొదటిది మంచిదైనంత మాత్రాన రెండోది పెరగాలన్న నియమం లేదు. యార్డులో కాంటా ఎంత కచ్చితమైనదైనా అందులో తూచిన సరుకుకు ధర రావాలన్న నియమం లేనట్లే.

తండ్రీ కొడుకుల దగ్గరికి తిరిగి వస్తే, వారి మధ్య తేలవలసినది బిట్‌కాయిన్ భవిష్యత్తు కాదు. ఆ లక్ష రూపాయలు ఎటువంటివి అన్నది. అవి విత్తనానికి, ఎరువుకు, కౌలుకు, పిల్ల ఫీజుకు, బాకీకి ఉద్దేశించినవైతే జవాబు ఒక్కటే: వద్దు. అప్పు తెచ్చినవైతే అసలే వద్దు. ఇవన్నీ తీరగా మిగిలినదై, పూర్తిగా పోయినా మరుసటి పంటకు లోటు రాని సొమ్మయితే, అందులో కొద్ది భాగంతో, చట్టప్రకారం నమోదైన ఎక్స్‌చేంజిలో, పన్ను లెక్క రాసిపెట్టుకొని, కొడుకు తన సరదా తీర్చుకోవచ్చు. కొనే ముందు తండ్రి అతనిని ఒక్క మాట అడగాలి: "ఇది పడితే మనం ఎన్ని పంటలు ఆగగలం?" జవాబు ఒక్క పంట కూడా కాదని వస్తే, ఆ సరుకు ఆ ఇంటికి తగినది కాదు.